కొసమెరుపు – విస్మయం: 1950ల అమెరికన్ వైజ్ఞానిక కామిక్స్‌లో అపరిచిత సమాగమాలు

నాటకం ఏ రసాన్ని అంగిగా స్వీకరించి నడిచినా నిర్వహణ సంధిలో అద్భుతరసం ఉండాలని భరతుడు నాట్యశాస్త్రంలో విధించాడు. అద్భుతానికి స్థాయీభావం విస్మయం. కథ ముగిసేచోట ప్రేక్షకుడు విస్మయంతో లేవాలన్నది ఆ విధి సారం. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు మరొక అడుగు ముందుకు వేసి, తన పూర్వీకుడైన నారాయణుడి మతాన్ని పేర్కొన్నాడు. రసానికి సారం చమత్కారం గనుక సర్వత్రా ఉన్నది అద్భుతమేనన్నది ఆ మతం. ఈ ప్రతిపాదనలు సంస్కృత కావ్యనాటకాలను ఉద్దేశించి చేసినవి. వీటిని 1950లలో న్యూయార్క్ నుంచి వెలువడి, పది సెంట్లకు అమ్ముడై, చదివిన తరువాత చాలావరకు చెత్తబుట్టకు చేరిన బొమ్మల కథల దగ్గరికి తీసుకుపోవడం సాహసంగానే కనిపిస్తుంది. అయితే కథ కొసన విస్మయం పుట్టించడమే పరమార్థంగా పెట్టుకొని, ఆరు నుంచి ఎనిమిది పుటలలో దానిని సాధించడానికి నెలనెలా శ్రమించిన ప్రక్రియ ఆ కాలంలో అది. నిర్వహణలో అద్భుతం అన్న సూత్రాన్ని పరీక్షించడానికి అంతకన్న అనువైన సామగ్రి ఆధునిక కాలంలో అరుదు.

తెలుగు విమర్శలో ఈ రకపు ముగింపుకు 'కొసమెరుపు' అన్న చక్కని మాట ఉంది. ఆ మాటలోనే ఒక చిన్న చూపు కూడా ఉంది. మెరుపు క్షణికం, వెలిగిన వెంటనే ఆరిపోతుంది. కొసమెరుపు కథను రెండోసారి చదవనక్కరలేదని, గుట్టు తెలిసిన పొడుపుకథ వంటిదని అనుకోవడం పరిపాటి. అమెరికన్ వైజ్ఞానిక కామిక్స్ మీద వచ్చిన ఆక్షేపణలలో ప్రధానమైనదీ ఇదే. కథాంతంలో వివరణ దొరకగానే అపరిచితం పరిచితమై, అద్భుతం ఆవిరైపోతుందన్నది ఆ వాదం. ఈ ఆక్షేపణ ఆ కామిక్స్‌లో అధిక భాగానికి న్యాయంగానే వర్తిస్తుంది. కానీ వాటిలో మేలైన కొన్ని కథలకు వర్తించదు. ఎందుకు వర్తించదో, ఆ కథలలో వివరణకూ విస్మయానికీ మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఇ.సి. కామిక్స్ సంస్థ ప్రచురణలను ప్రధాన ఆధారంగా గ్రహించడం జరిగింది.

నేపథ్యం

ఇ.సి. సంస్థను స్థాపించిన మాక్స్ గెయిన్స్ 1947లో పడవ ప్రమాదంలో మరణించగా, సంస్థ ఆయన కుమారుడు విలియం గెయిన్స్ చేతికి వచ్చింది. 1950లో ఆయన, సంపాదక రచయిత ఆల్ ఫెల్డ్‌స్టైన్ కలిసి 'వియర్డ్ సైన్స్', 'వియర్డ్ ఫాంటసీ' అనే జంట పత్రికలను ప్రారంభించారు. భయానక కథల పత్రికలు డబ్బు తెచ్చిపెట్టగా, వైజ్ఞానిక పత్రికలను సంపాదకులు మమకారంతో నడిపారు. 1954లో ఈ రెండూ 'వియర్డ్ సైన్స్-ఫాంటసీ'గా విలీనమయ్యాయి. 1955లో ఆ పేరు 'ఇన్‌క్రెడిబుల్ సైన్స్ ఫిక్షన్'గా మారి, 1956 ఆరంభంలో ఆగిపోయింది. నడుమ జరిగిన చరిత్ర ప్రసిద్ధం. 1954లో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ కామిక్స్ బాలలను చెడగొడుతున్నాయని గ్రంథం ప్రకటించాడు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో గెయిన్స్ సెనేట్ ఉపసంఘం ఎదుట సాక్ష్యమిచ్చాడు. అక్టోబరులో ప్రచురణకర్తలు తమకు తామే 'కామిక్స్ కోడ్' అనే నియమావళి విధించుకున్నారు.

సాటి పత్రికల తీరు కొంత తెలిస్తే ఇ.సి. విశిష్టత స్పష్టమవుతుంది. 1950లో మొదలైన డి.సి. సంస్థ పత్రిక 'స్ట్రేంజ్ అడ్వెంచర్స్'లో సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ తరచు ముఖచిత్రాన్ని ముందుగా వేయించి, ఆ వింతకు కారణం చెప్పే కథను తరువాత అల్లించేవాడు. అంటే ప్రశ్న చిత్రకారుడిది, జవాబు రచయితది. ఈ పద్ధతిలో ముచ్చటైన కథలు పుట్టాయి గానీ, జవాబు ప్రశ్నను సంపూర్ణంగా మింగివేయడం వాటి స్వభావం. ఆ దశాబ్దపు చివర అట్లాస్ సంస్థ పత్రికలలో గ్రూట్ (1960), ఫిన్ ఫాంగ్ ఫూమ్ (1961) వంటి పర్వతాకార వింతజీవులు అవతరించాయి. వాటికి పేర్లున్నాయి, తమ పేరు తామే చెప్పుకుంటాయి. పేరు చెప్పుకున్న వింత సగం వింతే.

వివరించే గొంతు

వింతను చూడడం, దానికి వివరణ కోరడం తెలుగు కథాసంప్రదాయానికి కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో గోపకుమారుడు ప్రతి మజిలీలోనూ ఏదో ఒక వింతను చూసి దాని వృత్తాంతం అడుగుతాడు. మణిసిద్ధుడు మణి ప్రభావంతో తెలుసుకొని చెబుతాడు. అక్కడ వివరణే కథ. వింత అనేది కథలోకి తీసుకుపోయే వాకిలి మాత్రమే. బేతాళ కథలలో క్రమం తలకిందులై, కథ ముందు, ప్రశ్న చివర వస్తాయి. జవాబు చెప్పగానే మౌనభంగమై బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. జవాబు ఒక ముగింపు కాక మరొక ఆరంభం కావడం ఆ చట్రంలోని సొగసు. ఈ రెండింటిలోనూ వివరించే వ్యక్తి ఎవరో శ్రోతకు తెలుసు.

ఇ.సి. భయానక పత్రికలలోనూ కథ చెప్పే పాత్రలుండేవి. సమాధిగృహ రక్షకుడు, ముసలి మంత్రగత్తె వంటివారు వెకిలి హాస్యంతో కథను ఆరంభించి ముగించేవారు. వైజ్ఞానిక పత్రికలలో అటువంటివారు లేరు. చట్రం పైభాగాన దట్టంగా పేర్చిన కథన పంక్తులే ఆ పని చేస్తాయి. ఫెల్డ్‌స్టైన్ కథను నేరుగా చిత్రఫలకం మీద రాసేవాడు. అక్షరలేఖనం పూర్తయిన తరువాతనే ఫలకం చిత్రకారుడికి చేరేది. అక్షరాలు యంత్రసాధనంతో తీర్చినట్లు ఒకే తీరున, ఎవరి చేతి వాటమూ కనిపించకుండా ఉంటాయి. ఫలితంగా ఆ కథన పంక్తులకు ప్రభుత్వ ప్రకటన వంటి నిర్మమత్వం అబ్బింది. మాటలు ఆక్రమించగా మిగిలిన స్థలంలో వాలీ వుడ్, జో ఒర్లాండో వంటి చిత్రకారులు బొమ్మ వేయవలసి వచ్చేది.

చిత్రం ఇప్పటికే చూపుతున్నదానిని మళ్ళీ మాటలలో చెప్పడం ఇ.సి. కథలలో పునరుక్తి దోషమని పలువురు విమర్శకులు ఎత్తిచూపారు. దోషం నిజమే. అయితే ఈ దోషం నుంచే ఒక గుణం పుట్టింది. మాట, బొమ్మ ఒకే సంగతి చెబుతాయన్న నమ్మకం పాఠకుడిలో స్థిరపడిన తరువాత, బొమ్మలో ఉండి మాటలో లేనిదానిని, లేదా రెండూ కలిసి దాచినదానిని అతడు గమనించడు. స్కాట్ మెక్‌క్లౌడ్ కామిక్స్ లక్షణాన్ని చర్చిస్తూ, చట్రానికీ చట్రానికీ నడుమ ఉన్న తెల్లని జాగాను పాఠకుడే తన ఊహతో పూరిస్తాడని ప్రతిపాదించాడు. ఇ.సి. మేలి కథలు పాఠకుడు చట్రాల నడుమనే కాక చట్రం లోపల కూడా తనకు తెలియకుండా పూరించుకునే ఖాళీల మీద ఆధారపడ్డాయి. ఇది ఈ వ్యాసానికి కీలకమైన అంశం.

సందేహం, భ్రాంతి, శేషం

త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ప్రకటించిన గ్రంథంలో, వింత సంఘటనకు లౌకిక కారణమా, అలౌకిక కారణమా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడే అవధినే 'ఫెంటాస్టిక్' అన్నాడు. తేలిపోతే అది మరొక కోవలోకి జరిగిపోతుంది. ఈ ఊగిసలాట మన ఆలంకారికులు ససందేహాలంకారంలో గుర్తించిన స్థితికి దగ్గరిదే. తేడా ఏమిటంటే, అలంకారంలో సందేహానికి సాదృశ్యం మూలంగా ఉండాలి. తొదొరోవ్‌కు ఆ నియమం లేదు. సాదృశ్యమే మూలమైన వైజ్ఞానిక కథ ఒకటి పరిశీలిస్తే ఈ రెండు సిద్ధాంతాలూ ఎక్కడ కలుస్తాయో తెలుస్తుంది.

రే బ్రాడ్‌బరీ 1948లో రాసిన 'మార్స్ ఈజ్ హెవెన్!' కథను 1953లో 'వియర్డ్ సైన్స్' 18వ సంచికలో వాలీ వుడ్ చిత్రించాడు. (ఇ.సి.కి బ్రాడ్‌బరీతో ఏర్పడిన అనుబంధం ఆరంభమే ఒక వినోదం. 1952లో ఆయన కథలు రెండింటిని కలిపి అనుమతి లేకుండా వాడుకున్నారు. ఆయన నేరారోపణ చేయకుండా, పారితోషికం పంపడం మరిచిపోయినట్లున్నారని మర్యాదగా ఉత్తరం రాశాడు. డబ్బు చెల్లింది, అధికారిక అనుసరణలు మొదలయ్యాయి.) ఈ కథలో అంగారకుడి మీద దిగిన నౌకాసిబ్బందికి అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతపు చిన్న ఊరు కనిపిస్తుంది. వరండా ఇళ్లు, పచ్చిక, పియానో నాదం. తరువాత ఎప్పుడో మరణించిన తాతలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఎదురువచ్చి కౌగిలించుకుంటారు. నౌకాధిపతి మొదట కారణాలు వెతుకుతాడు. కాలంలో వెనక్కి వెళ్ళామా, ఇదివరకే మనవారెవరైనా వచ్చి స్థిరపడ్డారా అని తర్కిస్తాడు. చివరకు సోదరుణ్ణి చూడగానే తర్కం వదిలి ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి సోదరుడి పక్కన పడుకొని ఉండగా, ఇదంతా మన జ్ఞాపకాల నుంచి అంగారకులు కల్పించిన మాయ అయితే అన్న తలపు వస్తుంది. లేచి తలుపు వైపు నడుస్తాడు, తలుపు చేరడు.

అలంకార పరిభాషలో చెప్పాలంటే ఇది ససందేహం నుంచి భ్రాంతిమంతానికి, అక్కడి నుంచి నిశ్చయానికి సాగిన ప్రయాణం. నిశ్చయం ప్రాణాంతకం. ఇక్కడ అద్భుతం భయానకంగా పరిణమించిందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ కథ అక్కడ ముగియలేదు. మరునాడు ఊళ్లో అంత్యక్రియలు జరుగుతాయి. మేళతాళాలతో శవపేటికలను మోసుకుపోతారు. చనిపోయినవారి కోసం 'బంధువులు' కన్నీరు పెడతారు. వారి ముఖాలు కరిగి మారిపోతుంటాయి. మోసపోవలసినవారందరూ మరణించిన తరువాత ఈ నటన ఎవరి కోసం? వైరి వ్యూహమన్న వివరణ హత్య వరకు సరిపోతుంది, దుఃఖానికి సరిపోదు. తెచ్చిపెట్టుకున్న జ్ఞాపకాలు తెచ్చుకున్నవారినే పట్టుకున్నాయా? మృతులను గౌరవించడం అంగారకులకూ ఆచారమా? కథ చెప్పదు. వివరణ ఇచ్చిన తరువాత కూడా వివరణకు లొంగని శేషం ఒకటి మిగలడం ఈ కథలోని అసలైన అద్భుతం. కొసమెరుపు ఆరిపోయిన చోట విస్మయం మొదలవుతున్నది.

వుడ్ చిత్రణ ఈ ఫలితానికి అనుకోని సాయం చేసింది. యంత్రాల లోపలి తీగలను, మీటలను దేనికదిగా తీర్చిదిద్దడంలో వుడ్ ప్రసిద్ధుడు. అటువంటి చేయి వేసిన ఊరు నౌక ఎంత నిజమో అంత నిజంగా ఉంటుంది. మాయను మాయగా సూచించే మసక రేఖకు అతడి శైలిలో చోటు లేదు. పాఠకుడి కన్ను సిబ్బంది కన్నులాగే మోసపోతుంది. వచనంలో ఇల్లు అన్న మాట చదివినవాడు తన ఊహలోని ఇంటిని చూస్తాడు. ఇక్కడ అందరికీ ఒకే ఇల్లు, స్థిరమైన సిరా గీతలలో కనిపిస్తుంది. రేఖకున్న ఈ నిస్సందేహత ఇక్కడ గుణమైంది. మరొకచోట ఇదే దోషమైంది.

ఉపమ రూపకమైన తీరు

1947 జూన్ 24న వాషింగ్టన్ రాష్ట్రంలోని రెయినియర్ పర్వత సమీపాన విమానం నడుపుతున్న కెన్నెత్ ఆర్నాల్డ్ తొమ్మిది వస్తువులు మహావేగంతో పోవడం చూశానని చెప్పాడు. నీటి మీద విసిరిన సాసర్ తుళ్ళుతూ పోయినట్లు అవి సాగాయన్నది ఆయన పోలిక. ఆ పోలిక ప్రధానంగా కదలికను గురించినది. పత్రికలు దానిని ఆకారానికి అంటగట్టి 'ఫ్లయింగ్ సాసర్' అన్న పేరు పుట్టించాయి. ఉపమ కాస్తా రూపకమైంది. సాధారణధర్మం జారిపోయి ఉపమానమే ఉపమేయం స్థానంలో కూర్చుంది. ఆ తరువాత ప్రపంచమంతటా జనం ఆకాశంలో పళ్లేలనే చూశారు. ఒక అలంకారం ప్రత్యక్ష ప్రమాణాన్నే శాసించిన ఉదాహరణగా ఇది ఆలంకారికులు పట్టించుకోదగ్గది.

1948 జనవరిలో కెంటకీలో అటువంటి వస్తువును వెంబడిస్తూ వైమానికుడు థామస్ మాంటెల్ విమానం కూలి మరణించాడు. ఆయన వెంబడించినది శుక్రగ్రహమని తొలుత చెప్పారు. అది నౌకాదళం ఎగురవేసిన ఎత్తైన బెలూన్ అయి ఉంటుందన్నది తరువాతి వివరణ. ఈ వివరణలు మారుతున్నకొద్దీ జనంలో అపనమ్మకం పెరిగింది. వైమానిక దళం వరుసగా మూడు పరిశోధక విభాగాలు నడిపింది. వాటిలో చివరిదైన 'ప్రాజెక్ట్ బ్లూ బుక్' 1952 నుంచి 1969 వరకు సాగింది.

ఈ వాతావరణంలో 1954 డిసెంబరులో 'వియర్డ్ సైన్స్-ఫాంటసీ' 26వ సంచిక మొత్తంగా ఎగిరే పళ్లేల నివేదికగా వెలువడింది. విశ్రాంత మెరైన్ మేజర్, ఈ విషయంపై ప్రసిద్ధ గ్రంథకర్త అయిన డొనాల్డ్ కీహో సహకారంతో, సాక్షుల కథనాలను బొమ్మలుగా చూపి, వైమానిక దళాన్ని బహిరంగంగా సవాలు చేసింది. కల్పన రాసే పత్రిక కల్పనను పక్కనపెట్టి వాస్తవమని ప్రకటించుకున్న సందర్భం ఇది. వివరణకు లొంగనిదే ఈ సంచిక వస్తువు. కొసమెరుపు లేదు, వివరణ ఇవ్వలేని అధికారులను నిలదీయడమే దాని ఉద్దేశం. ఈ వ్యాసంలో మొదట చెప్పిన ఆక్షేపణ ప్రకారం, వివరణ అద్భుతాన్ని చంపేదైతే వివరణ లేని ఈ సంచిక అద్భుతరసపుష్టం కావాలి. కాలేదు. ఇ.సి. వైజ్ఞానిక సంచికలలో విస్మయం అతి తక్కువగా ఉన్నది ఇందులోనేనని చెప్పవలసి ఉంటుంది.

కారణం రేఖలోనే ఉంది. సాక్షి చూసింది ఒక వెలుగు, ఒక వేగం, క్షణకాలపు మెరుపు. చిత్రకారుడు దానికి అంచు గీయక తప్పదు. అంచు గీసిన మరుక్షణం అది వస్తువు. వస్తువైన తరువాత సందేహానికి తావు లేదు. అక్షరాలు 'ఏమిటో తెలియదు' అంటుండగా బొమ్మ 'ఇదిగో' అంటున్నది. మామూలు కథలలో మాట ఎక్కువ చెప్పి బొమ్మను మింగేస్తే, ఇక్కడ బొమ్మ ఎక్కువ చెప్పి మాటను అబద్ధం చేసింది. పైగా సవాలు చేసే ధోరణి విస్మయానికి ప్రతికూలం. విస్మయం పాఠకుడి నిశ్చయాన్ని కదిలించాలి. ఈ సంచిక పాఠకుడి నమ్మకాన్ని బలపరుస్తుంది. ప్రజలకు నిజం చెప్పాలన్న దాని పట్టుదలను మెచ్చుకోవచ్చు. కానీ వాదిగా నిలిచిన పత్రిక ద్రష్టగా నిలవలేకపోయింది.

చక్రవర్తి చూసిన రెక్కలు

ఇదే పత్రిక 23వ సంచికలో (1954) బెర్నార్డ్ క్రిగ్‌స్టైన్ చిత్రించిన 'ది ఫ్లయింగ్ మెషీన్' దీనికి సరైన ప్రత్యుదాహరణ. ఇదీ బ్రాడ్‌బరీ కథే. క్రీ.శ. 400 నాటి చైనాలో ఒక సామాన్యుడు కాగితం, వెదురు రెక్కలతో ఆకాశంలో ఎగురుతుండగా సేవకుడు చూసి చక్రవర్తికి విన్నవిస్తాడు. చక్రవర్తి వచ్చి చూస్తాడు. అది మనోహరంగా ఉందని ఒప్పుకుంటాడు. అతణ్ణి కిందికి పిలిపించి శిరచ్ఛేదం చేయిస్తాడు, రెక్కలను తగలబెట్టిస్తాడు. ఇతడివల్ల కాకున్నా, ఇతణ్ణి చూసి నేర్చుకున్న మరొక దుర్మార్గుడివల్ల మహాకుడ్యానికి ముప్పు వస్తుందని అతడి భయం. చక్రవర్తి స్వయంగా ఒక యంత్రోద్యానం నిర్మించుకున్నాడు. చిన్న చెట్లు, చిన్న పక్షులు మీట తిప్పగానే కదులుతాయి. తన అరచేతిలో ఇమిడే అద్భుతం మీద అతడికి మక్కువ. తన తలపైన ఎగిరే అద్భుతం మీద భయం.

ఇందులో గ్రహాంతరవాసులు లేరు, గుట్టు లేదు, కొసమెరుపు లేదు. ఎగిరినవాడు ఎలా ఎగిరాడో మొదటే తెలుసు. అయినా కథ పొడవునా విస్మయం నిలిచి ఉంటుంది. భరతుడు వీరం నుంచి అద్భుతం పుడుతుందన్నాడు. ఇక్కడ సామాన్యుడి సాహసం నుంచి అద్భుతమూ, ఆ అద్భుతం నుంచి రాజభయమూ పుట్టాయి. అపరిచితాన్ని ఎదుర్కొన్న అధికారం దానిని అర్థం చేసుకోలేక చంపలేదు. అర్థం చేసుకొనే చంపింది. తమ పత్రికల మీద విచారణలు సాగిన సంవత్సరంలో ఈ కథ అచ్చుకావడం కాకతాళీయమే కావచ్చు. ఎంపికలో ఉద్దేశం వెతకడం కంటే, తరువాతి సంఘటనలతో కలిపి చదవడం మేలు.

శిరస్త్రాణం తీసిన క్షణం

'జడ్జ్‌మెంట్ డే' 1953లో 'వియర్డ్ ఫాంటసీ' 18వ సంచికలో వచ్చింది. రచన ఫెల్డ్‌స్టైన్‌ది, చిత్రణ జో ఒర్లాండోది. సైబ్రీనియా అనే గ్రహంలో రోబోలు నివసిస్తాయి. భూమి నుంచి టార్ల్‌టన్ అనే ప్రతినిధి, ఆ గ్రహం గెలాక్సీ గణతంత్రంలో చేరడానికి అర్హమో కాదో నిర్ణయించడానికి వస్తాడు. నారింజరంగు రోబో ఒకటి వెంట ఉండి అన్నీ చూపుతుంది. నీలిరంగు రోబోల పేట వేరు; బస్సులో వాటి చోటు వెనక. రెండు రంగుల రోబోలూ లోపల ఒకటే, పైతొడుగు మాత్రమే వేరన్న సంగతి కర్మాగారంలో బయటపడుతుంది. గ్రహం ఇంకా సిద్ధంగా లేదని చెప్పి టార్ల్‌టన్ వెళ్ళిపోతాడు. నౌకలో కూర్చొని శిరస్త్రాణం తీస్తాడు. అతడు నల్లజాతి మనిషి. కొలతల పలకల కాంతి అతడి ముఖం మీది చెమట బిందువులలో మెరుస్తుంది.

ఊరు, వాడ అన్న విభజన తెలిసిన తెలుగు పాఠకుడికి నీలి రోబోల పేటను అర్థం చేసుకోవడానికి అధోజ్ఞాపిక అక్కరలేదు. కథలోని అన్యాపదేశం అంత స్పష్టం. నిజానికి మోటుగా ఉండేంత స్పష్టం. చివరి చట్రం తీసివేస్తే ఇది సదుద్దేశంతో రాసిన నీతికథగా మాత్రమే మిగులుతుంది. చివరి చట్రం దానిని నీతికథ స్థాయి నుంచి తప్పించింది. ఎలాగన్నదే ప్రశ్న.

మార్స్ కథలో పాఠకుడికి ఒక ప్రశ్న మొదటి నుంచీ ఉంది: ఈ ఊరు ఏమిటి? ఇక్కడ టార్ల్‌టన్ ఎవరన్న ప్రశ్న ఎక్కడా లేదు. అతడి ముఖం శిరస్త్రాణం వెనక దాగి ఉందన్న సంగతి పాఠకుడు గమనించడు, గమనించినా రహస్యంగా భావించడు. న్యాయం తీర్చడానికి భూమి నుంచి వచ్చిన ప్రతినిధి ముఖం ఎటువంటిదో 1953 నాటి అమెరికన్ పాఠకుడికి 'తెలుసు'. ఆ శిరస్త్రాణంలో శ్వేతజాతి ముఖాన్ని పెట్టింది రచయిత కాదు, చిత్రకారుడు కాదు, పాఠకుడు. చట్రం లోపలి ఖాళీ అని పైన పేర్కొన్నది ఇదే. చివరి చట్రం అడగని ప్రశ్నకు జవాబు. జవాబు విన్న తరువాతనే తనలో ఒక ప్రశ్న లేకపోవడం పాఠకుడికి తెలిసివస్తుంది. బేతాళుడు ప్రశ్న వేసి మౌనం భంగపరుస్తాడు. ఈ కథ ప్రశ్న వేయకుండానే పాఠకుడి మౌనాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది.

రోబోలు పాఠకుడికి అపరిచితాలు కావు, తన సమాజంవే. అపరిచితుడు అనుకోనివాడే అపరిచితుడయ్యాడు, అదీ పాఠకుడి చూపు వల్ల. కనుక ఇక్కడ విస్మయం వస్తువును గురించినది కాక, చూసేవాడు తన్ను గురించి పొందినది. ఈ కొసమెరుపు ఆరిపోదు. రెండోసారి చదివినప్పుడు గుట్టు తెలిసి ఉంటుంది. అయినా ప్రతి చట్రంలోనూ ఆ శిరస్త్రాణం కనిపిస్తూ, మొదటి పఠనంలో తాను అందులో చూసినదానిని పాఠకుడికి గుర్తుచేస్తుంది. పొడుపుకథకు ఈ శక్తి లేదు.

కథకు పరిమితులు లేకపోలేదు. తీర్పు చెప్పే అధికారం భూమిదే. సైబ్రీనియా ఎదగవలసిన శిష్య స్థానంలోనే ఉంది. నీలి రోబోలకు మాటలు తక్కువ. వాటి తరఫున నారింజ రోబో, భూమి ప్రతినిధి చర్చించుకుంటారు. న్యాయం పైనుంచి దిగివస్తుందన్న ఊహ ఇందులో ప్రశ్నకు గురికాలేదు. 1955 డిసెంబరులో మాంట్‌గోమరీ నగరంలో బస్సు బహిష్కరణ మొదలైనప్పుడు మార్పు ఏ నౌకలోనూ దిగిరాలేదు. వెనక సీట్లలో కూర్చోమన్నవారే నడిచి సాధించారు. ఆ దృష్టితో చూస్తే కథలోని బస్సు దృశ్యం కథకు తెలిసినదానికన్న ఎక్కువ చెబుతున్నది.

ఆ బహిష్కరణ సాగుతున్న రోజులలోనే ఈ కథ రెండోసారి అచ్చయింది. 'ఇన్‌క్రెడిబుల్ సైన్స్ ఫిక్షన్' 33వ సంచిక కోసం సిద్ధం చేసిన ఒక కథను కోడ్ కార్యాలయం తిరస్కరించింది. దాని స్థానంలో 'జడ్జ్‌మెంట్ డే'ను పెట్టదలచారు. గెయిన్స్, ఫెల్డ్‌స్టైన్ తరువాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, నియమావళి నిర్వాహకుడైన న్యాయమూర్తి చార్లెస్ మర్ఫీ కథానాయకుడు నల్లవాడు కాకూడదన్నాడు. అదే కథలోని విషయమని ఫెల్డ్‌స్టైన్ వాదించాడు. నియమావళిలో అటువంటి నిబంధన లేదు. గెయిన్స్ పత్రికల వారిని పిలిచి సంగతి బయటపెడతానన్నాడు. చివరికి నిర్వాహకుడు పట్టు సడలించి, కనీసం చెమట బిందువులైనా తీసివేయమన్నాడట.

ఈ చివరి కోరిక విమర్శకుడు ఆగి చూడవలసినది. ముఖం ఉండవచ్చు, చెమట ఉండకూడదు. చెమట శరీరానికి గుర్తు. పుట పొడవునా లోహపు తొడుగులను, గాజు శిరస్త్రాణాన్ని చూసిన కంటికి తొలిసారిగా కనిపించిన చర్మం అది. ఒర్లాండో ఆ బిందువులను నక్షత్రాలలా మెరిపించాడు. కథన పంక్తులూ ఆ పోలికనే చేశాయి. మాట, బొమ్మ ఒకే సంగతి చెప్పడం దోషమన్న నియమానికి ఇక్కడ మినహాయింపు ఇవ్వక తప్పదు. ఇ.సి. అంతవరకు గీసిన నక్షత్రాలన్నీ దూరాన, కిటికీ అవతల ఉన్నాయి; ఇవి మాత్రం ఒక మనిషి నుదుటి మీద ఉన్నాయి. నిర్వాహకుడు సరైన చోటే వేలు పెట్టాడు.

చెమట బిందువులు తీయలేదు. 1956 జనవరి-ఫిబ్రవరి తేదీతో సంచిక యథాతథంగా వెలువడింది. అదే ఇ.సి. ప్రచురించిన చివరి కామిక్ పుస్తకం. కోడ్ పరిధిలోకి రాని మాగజైన్ రూపానికి అంతకుముందు సంవత్సరమే మారిన 'మ్యాడ్' హాస్యపత్రిక మాత్రం ఆ తరువాత దశాబ్దాలపాటు నడిచింది.